పక్కనుంచి వచ్చే బంతి

పొడుగు చూసి అందరూ నిచ్చెన అనే ఆ పిల్ల బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది, గోడకు ఆనుకుని నిలబడింది. మడమలు గోడకు తగలాలి, నడుము తగలాలి, భుజాలు తగలాలి, తల వెనక భాగం తగలాలి. ఈ నాలుగూ తన కళ్ళతో చూసుకుంటేగానీ టేపు మేడమ్ టేపు బయటికి తియ్యదు. ఎత్తు విషయంలో ఆమె ఎవరి మాటా నమ్మదు. మునివేళ్ళ మీద లేచేవాళ్ళనీ, జుట్టంతా నడినెత్తిన ముడేసుకుని వచ్చేవాళ్ళనీ, మేజోళ్ళలో అట్టముక్కలు దాచుకునేవాళ్ళనీ ఇరవై ఏళ్ళుగా చూస్తోంది. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు.

జీతాలిచ్చి ఆడించే ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బులో ఆమెకు ఉద్యోగం. ఊరూరా తిరిగి, జట్టుకు పనికొచ్చే ఆడపిల్లల్ని కొలిచి, వాళ్ళ ఆట చూసి, నాలుగు పేజీల ఫారం నింపి పంపాలి. ఫారం చివర రెండు మాటలు అచ్చేసి ఉంటాయి, ‘తీసుకోవచ్చు’, ‘వద్దు’ అని. అందులో ఒకటి కొట్టెయ్యాలి. కొట్టేసినదానికి పక్కన కారణం రాయాలి. క్లబ్బులో సెంటర్‌గా ఆడే మనిషి, అంటే బుట్ట కింద నిలబడి అందరికంటే పైనుంచి బంతి అందుకునే పొడుగు మనిషి, మోకాలు చెడి మానేసింది. ఆ చోటు ఖాళీగా ఉంది. సోమవారం సాయంత్రం లోపు ఫారం అందాలని మేనేజరు రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఆమె స్టూలెక్కి, పిల్ల నెత్తిన చెక్కస్కేలు ఆనించి, గోడ మీద పెన్సిలుతో గీత గీసింది. కిందికి దిగి కొలిచింది. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచింది.

“ఆరడుగుల ఏడంగుళాలు. పోయినేడాది మీరు పంపిన కాగితంలో ఆరడుగుల అయిదున్నర అనే కదా ఉంది?” అంది ఆ పిల్ల కోచ్‌తో.

కోచ్ తనే పెరిగినంత సంబరంగా నవ్వాడు. “అదే కదా మేడమ్ నేను ఫోన్లో మొత్తుకుంది. పద్దెనిమిది నిండాయి. ఈ వయసుకి ఆడపిల్లలు పెరగడం ఎప్పుడో ఆగిపోతుంది. మనది ఆగలేదు.”

“ఆట కావాలంటే మేమే నేర్పుకుంటాం. ఈ ఎత్తు ఏ బజార్లో దొరుకుతుంది?” అంటూ ఆమె ఫారంలో ‘ఎదుగుదల’ అన్నచోట ‘ఇంకా ఉంది’ అని రాసింది. రాసి కింద రెండు గీతలు గీసింది. రెండు గీతలు గీయడం ఆమెకు చాలా అరుదు. పోయిన మూడేళ్ళలో ఒక్కసారి గీసిందేమో.

చేతులు చాచమంటే నిచ్చెన కాస్త సిగ్గుపడింది. అరచేతులు చేటల్లా ఉన్నాయి. వేళ్ళు లావెక్కి ఉన్నాయి. టేపు మేడమ్‌కు ముచ్చటేసింది. బంతిని ఒంటిచేత్తో పట్టుకునే చెయ్యి, అలాంటి చెయ్యి దొరకాలని కోచ్‌లు కలలు కంటారు. దాన్నీ కొలిచి రాసింది. బూట్ల సైజు అడిగితే పిల్ల నేల చూపులు చూస్తూ, “మగవాళ్ళవే దొరుకుతాయి మేడమ్, అవి కూడా మొన్నటివి ఇరుకైపోయాయి” అంది. గొంతు బొంగురుగా ఉంది.

మధ్యాహ్నం ఆట చూసింది. టేపు మేడమ్ బంతిని చూడదు. బంతి లేనప్పుడు మనిషి పాదాలు ఏం చేస్తున్నాయో చూస్తుంది. నిచ్చెన పాదాలు పనిచేస్తున్నాయి. వీపుతో ఎదుటి మనిషిని ఆపి, సగం అడుగు వెనక్కి వేసి, బుట్టకు తగిలి బయటికి పడిన ప్రతి బంతినీ, ప్రతి రీబౌండ్‌నూ అందుకుంది. అంత పొడుగు మనుషులు సాధారణంగా గడకర్రల్లా బిగుసుకుపోయి ఉంటారు. ఈ పిల్ల మోకాళ్ళు వంచుతుంది. ఒక్కటే విచిత్రం. తలను కోడిలా అటొకసారి ఇటొకసారి చటుక్కున తిప్పుతూ ఉంటుంది.

“పక్కనుంచి వేసే బంతి?” అని అడిగింది.

“చూడండి మీరే” అన్నాడు కోచ్.

కోచ్ సైగ చేశాడు. జట్టులో అందరికంటే పొట్టి పిల్ల, అందరూ బుడంకాయ అని పిలిచే పిల్ల, పక్క గీత దగ్గరనుంచి పది బంతులు విసిరింది. నిచ్చెన తొమ్మిది పట్టుకుంది.

“పోయినేడాది మీకు పంపిన వీడియోలో పదికి మూడు కూడా పట్టలేదు కదా మేడమ్. మీరిచ్చిన మందే వేశాం. రండి చూపిస్తాను.”

సామాన్లు పెట్టుకునే గది తలుపు పక్కన గోడకు ఒక కాగితం అతికించి ఉంది. చెమట చేతులు తగిలి చెడిపోకుండా పైన ప్లాస్టిక్ కప్పారు. ఆ అక్షరాలు టేపు మేడమ్‌వే. ‘పక్కనుంచి వచ్చే బంతి మీద ధ్యాస లేదు. ఇది బద్ధకం. చెప్పకుండా విసరండి. నాలుగు తగిలితే దానంతటదే తెలుస్తుంది.’ కింద పొడి అక్షరాల సంతకం.

“రోజూ యాభై మేడమ్. వానొచ్చినా, పరీక్షలొచ్చినా యాభై.”

తన మాటను ఒకడు ఇంత శ్రద్ధగా గోడకెక్కించాడని ఆమెకు లోపల కాస్త గర్వంగానే అనిపించింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారుగానీ, వినేవాడు దొరికితే చెప్పేవాడు ఎంత పొంగిపోతాడో ఎవరూ చెప్పరు. బయటికి వస్తుంటే నిచ్చెన దవడ మీద, చెవి దగ్గర కమిలిన మచ్చ కనపడింది. ఆటలో ఇవన్నీ మామూలే అనుకుంది.

*

మర్నాడు పిల్ల తల్లిని చూడటానికి వెళ్ళింది. క్లబ్బు ఫారంలో తల్లిదండ్రుల ఎత్తు కూడా రాయాలి. తల్లికి వీధి మలుపులో కుట్టుదుకాణం ఉంది. ముందు గదిలో రెండు మిషన్లు, బట్ట కత్తిరించే బల్ల, జాకెట్టు తొడిగిన తల లేని బొమ్మ. తండ్రి సరుకుల బండి మీద పదిహేను రోజులకొకసారి వస్తాడట. తల్లి అయిదడుగులు దాటదు. తండ్రి అయిదున్నర అని ఆమే చెప్పింది.

“మీరూ కొలతల మనిషే, నేనూ కొలతల మనిషినే” అని తల్లి కుర్చీ తుడిచి వేసింది. “కూర్చోండమ్మా. మీ టేపు పైకి పోతుంది, నా టేపు చుట్టూ పోతుంది. అంతే తేడా.”

టేపు మేడమ్ నవ్వింది. తల్లి మాత్రం నవ్వలేదు. బల్ల సొరుగులోంచి కొలతల పుస్తకం తీసింది. మూలలు అరిగిపోయిన పెద్ద పుస్తకం. ఒక పేజీ తెరిచి ముందుకు జరిపింది.

“ఇది మా పిల్ల పేజీ. చూడండి. ఎత్తంటే సరే, పెరుగుతోంది అనుకున్నాను. మెడ చుట్టుకొలత చూడండి. మణికట్టు చూడండి. ఏడాదిలో మెడ అంగుళం పైన పెరిగింది. ఒళ్ళు చేసిందా అంటే నడుము అలాగే ఉంది. ముప్ఫయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో సగం మందికి కుట్టాను. పద్దెనిమిదేళ్ళు దాటాక మణికట్టు పెరిగిన మనిషి నా పుస్తకంలో ఇంకొకరు లేరమ్మా.”

“కసరత్తు చేస్తోంది కదా. ఎముక గట్టిపడుతుంది.”

“దవడ కూడానా?”

“ఆటగత్తెల్లో అది మామూలే.”

తల్లి గొంతు తగ్గించింది. “ఏడాదిన్నరగా నెలసరి లేదు. పొద్దున లేస్తే తలనొప్పి. మాత్ర వేసుకుని ఆటకు పోతుంది. సార్‌ని అడిగితే ఎక్కువ ఆడే ఆడపిల్లలకి ఇలాగే ఉంటుందన్నారు.”

“నిజమే. నాకూ ఆడే రోజుల్లో అలాగే ఆగేది” అంది టేపు మేడమ్. అది అబద్ధం కాదు. ఆమెకు నిజంగానే ఆగేది. తనకు తెలిసిన ఒక్క కారణంతో లోకంలో ఉన్న కారణాలన్నిటినీ కప్పేసింది. అనుభవం ఉన్నవాళ్ళు చేసే తప్పు ఇదే. తెలియనివాడైతే కనీసం ఇంకొకరిని అడుగుతాడు.

అంతలో నిచ్చెన లోపలికి వచ్చింది. గుమ్మం దగ్గర తల వంచడం అలవాటే కాబట్టి తల వంచింది. రెండడుగులు వేసి పక్కనున్న బొమ్మను భుజంతో గుద్దింది. బొమ్మ పడబోతే తల్లి లేవకుండానే చెయ్యి చాచి పట్టుకుంది. ఆ పట్టుకోవడంలో ఎంతో అలవాటు ఉంది.

“ఇల్లంతా గుద్దుకుంటూ తిరుగుతుంది” అంది తల్లి. “బుర్ర మోకాల్లో పెట్టుకుని పుట్టావే అంటాను.”

పిల్ల నవ్వేసింది. తన మోచేతి పక్కన తల్లి పెట్టిన టీ గ్లాసును చాలాసేపు తీసుకోలేదు. చల్లారిపోతోందని తల్లి దాన్ని ఎదురుగా జరిపితే అప్పుడు తీసుకుంది. టేపు మేడమ్ అదంతా చూసింది. చూసి, మర్యాదగల పిల్ల, తీసుకోమనేదాకా ముట్టుకోదు అనుకుంది.

బయల్దేరేటప్పుడు తల్లి వీధి చివరిదాకా వెంట వచ్చింది. “మీ జట్టులోకి తీసుకుంటారా అమ్మా? నేను జీతం గురించి అడగడం లేదు. బస్సెక్కితే జనం నవ్వుతారు. పెళ్ళికి పోతే ఫొటోలో వెనక్కి నిలబెడతారు. ఆ మైదానంలో ఒక్కచోటే అది నిటారుగా నిలబడుతుంది. ఈ ఆట కూడా లేకపోతే ఇంత పొడుగు దానికి దేనికమ్మా?”

“తీసుకోకపోవడానికి నాకైతే కారణం కనపడట్లేదు” అంది టేపు మేడమ్. ఎవరికీ ముందుగా మాట ఇవ్వని మనిషి ఆ రోజు సగం మాట ఇచ్చేసింది.

*

శనివారం పొద్దున పక్క ఊరి జట్టుతో ఆట. హాలు నిండిపోయింది. పిల్లలు డబ్బాలు వాయిస్తున్నారు, ఈలలు వేస్తున్నారు, రేకుల కప్పు కింద ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. టేపు మేడమ్ గీత పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చుంది.

మొదటి అయిదు నిమిషాల్లోనే ఆమె పెన్సిలు ఆగిపోయింది. ముందునుంచి వచ్చిన బంతులు నిచ్చెన చేతుల్లోకి వచ్చి పడుతున్నాయి. పక్కనుంచి వచ్చినవి ఒక్కటీ అందడం లేదు. ఒకటి భుజానికి తగిలి బయటికి పోయింది. ఒకటి కళ్ళముందునుంచి పోతుంటే అప్పుడు చెయ్యి చాచింది. తల అటూ ఇటూ మరీ వేగంగా తిప్పుతోంది. ఇంకొకటి నేరుగా వచ్చి చెవి మీద కొట్టింది. నిచ్చెన తూలింది. హాలంతా గొల్లుమంది. ఎవడో, “తాడిచెట్టూ, కిందికి చూడు” అని అరిచాడు.

మొన్న పదికి తొమ్మిది పట్టిన పిల్ల. టేపు మేడమ్‌కు ఏమీ అర్థం కాలేదు. జనాన్ని చూసి బెదిరిందా? బెదిరితే ముందు బంతులు కూడా జారాలి కదా?

ఆట ఓడిపోయారు. హాలు ఖాళీ అయ్యాక కోచ్ ముఖం కందగడ్డలా చేసుకుని, “యాభై” అన్నాడు. నిచ్చెన వెళ్ళి బుట్ట కింద నిలబడింది. చెవి ఎర్రగా ఉబ్బి ఉంది. బుడంకాయ బంతుల సంచి లాక్కుంటూ పక్క గీత దగ్గరికి వెళ్ళింది. మొదటి బంతి పట్టుకుంది నిచ్చెన. రెండోది పట్టుకుంది. మూడోది, నాలుగోది కూడా.

పాదాలు చూసే అలవాటు వల్ల టేపు మేడమ్ బుడంకాయ పాదాలు చూసింది. విసిరే ముందు ప్రతిసారీ ఆ పిల్ల బూటును చెక్కనేల మీద కీచుమనేలా రాస్తోంది. ఎడమవైపునుంచి విసిరేటప్పుడు ఒకసారి, కుడివైపునుంచి విసిరేటప్పుడు రెండుసార్లు. ఆ చప్పుడు వినగానే నిచ్చెన తల అటు తిప్పుతోంది.

“బూటు రాయకుండా విసురు” అంది.

బుడంకాయ బంతిని పొట్టకు హత్తుకుంది. “వద్దు మేడమ్. తగులుద్ది.”

“ఎందుకు తగులుతుంది?”

బుడంకాయ నేల చూస్తూ నిలబడింది. టేపు మేడమ్ బంతిని తీసుకుంది. చెప్పులు విప్పేసింది. వట్టికాళ్ళతో చప్పుడు కాకుండా నడిచి నిచ్చెనకు కుడివైపు, బారెడు దూరంలో నిలబడింది. బంతి విసరలేదు. నిలబడింది, అంతే. నిచ్చెన ఎదురుగా ఉన్న కోచ్‌ను చూస్తోంది. ఎప్పుడు వచ్చి తగులుతుందోనని మెడ బిగబట్టి, చేతులు సగం పైకెత్తి ఎదురుచూస్తోంది. టేపు మేడమ్ చెయ్యి ఎత్తి ఊపింది. పిల్ల కనురెప్ప కూడా కదపలేదు. ఇంకా దగ్గరికి వెళ్ళి, చెవి పక్కనే, జానెడు దూరంలో వేళ్ళు ఆడించింది. ఏమీ లేదు. ఎడమవైపుకు వెళ్ళి అలాగే చేసింది. అక్కడా ఏమీ లేదు.

ఆమె చేతిలో బంతి ఎప్పుడు జారిందో తెలియదు. అది నేల మీద పడి ఎగిరితే, ఆ చప్పుడుకు నిచ్చెన ఉలిక్కిపడి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

“ఎప్పట్నుంచి నీకు పక్కన కనపడట్లేదు?”

నిచ్చెన చేతులు దించింది. “రేపట్నుంచి ఇంకా శ్రద్ధగా చూస్తాను మేడమ్.”

“శ్రద్ధ సంగతి కాదు. నేను ఇక్కడ, నీ పక్కనే నిలబడ్డాను. చెయ్యి ఊపాను. కనపడిందా?”

పిల్ల తికమకగా కోచ్ వైపు, మేడమ్ వైపు చూసింది. “ఎవరికైనా ఎదురుగా ఉన్నదే కదా మేడమ్ కనపడేది. మిగతావాళ్ళు పక్కన కూడా ధ్యాస పెడతారు. నేను పెట్టట్లేదు. సార్ రోజూ అదే చెప్తారు. నేను పెడదామనే అనుకుంటాను, కుదరట్లేదు.”

బుడంకాయ ఏడుపు మొదలుపెట్టింది. కోచ్, “అదేంటి, కనపడకపోవడమేంటి” అని నెమ్మదిగా అని, తనే వెళ్ళి పిల్ల పక్కన చెయ్యి ఊపి చూశాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మూడు వందల రోజులు, రోజుకు యాభై. టేపు మేడమ్ లెక్క వెయ్యకూడదనుకుంటూనే వేసింది.

ఆ మధ్యాహ్నమే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. తల్లి మెడలో టేపు వేసుకుని అలాగే వచ్చేసింది. ఒక పెట్టెలో గడ్డం ఆనించి, మధ్యలో చుక్కనే చూస్తూ, చుట్టుపక్కల వెలుగు మెరిసినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నిచ్చెన చాలాసేపు నొక్కకుండా కూర్చుంది. యంత్రం చెడిందేమోనని తల్లి అడిగింది. చివరికి కాగితం బయటికి వచ్చింది. దాని మీద రెండు గుండ్రాలు, కంటికొకటి. ఎడమ గుండ్రంలో ఎడమ సగం నలుపు, కుడి గుండ్రంలో కుడి సగం నలుపు. అంత తీరుగా, కత్తెరతో కత్తిరించినట్టు ఉంది.

డాక్టరు ఆ కాగితం చూసి, కళ్ళు చూడటం మానేసి పిల్ల చేతులు చూశాడు. తర్వాత దవడ చూశాడు. తర్వాత బూట్లు చూశాడు. “తలకు స్కాన్ తియ్యాలి. పెద్దాసుపత్రికి నేనే ఫోన్ చేస్తాను. సోమవారం పొద్దున్నే వెళ్ళండి” అన్నాడు. ఏమిటని అడిగితే స్కాన్ చూశాకే చెప్పాలన్నాడు.

*

సోమవారం పదకొండు గంటలకు పెద్దాసుపత్రి డాక్టరమ్మ తల్లినీ టేపు మేడమ్‌నీ లోపలికి పిలిచింది. కోచ్ బయట నిచ్చెన దగ్గర కూర్చున్నాడు.

“మెదడు కింద, ముక్కు వెనక, శనగగింజంత గ్రంథి ఉంటుంది. ఒళ్ళు ఎంత పెరగాలో చెప్పేది అదే. దాని మీద గడ్డ పుట్టింది. ఇప్పుడు నిమ్మకాయంత ఉంది.” డాక్టరమ్మ ఫిలిం మీద తెల్లటి మచ్చను పెన్నుతో చూపించింది. “కళ్ళ నరాలు దీని పైనుంచే పోతాయి. వాటిని కిందనుంచి నొక్కేస్తోంది. అందుకే రెండు పక్కలా చూపు పోయింది. ఎముకలు పెరగడం, నెలసరి ఆగడం, తలనొప్పి, అన్నీ దీనివల్లే.”

తల్లి టేపును వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. “ప్రాణానికి...?”

“కేన్సర్ కాదమ్మా. ముక్కులోంచి వెళ్ళి తీసేస్తాం. ఈ వారంలో తీస్తే చూపు చాలావరకు తిరిగి రావచ్చు. నెలలు గడిస్తే మాత్రం పోయింది రాదు, ఉన్నది కూడా పోతుంది. ఆటలో కిందపడినా, బంతి గట్టిగా తగిలినా ఇంకా ప్రమాదం.” డాక్టరమ్మ టేపు మేడమ్ వైపు తిరిగింది. “మీరు ఆటవాళ్ళు కదా. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏడాదిలో ఒకటిన్నర అంగుళం పెరిగితే మీకెవరికీ అనుమానం రాలేదా?”

“సంతోషించాం” అంది టేపు మేడమ్.

వ్యంగ్యం కాదు. గురువారం తను రెండు గీతలు గీసింది ఆ నిమ్మకాయంత గడ్డ కింద. కొలిచి కొలిచి, ముచ్చటపడి, ఒక జబ్బుకు మార్కులు వేసింది. బట్టలు కుట్టుకునే మనిషి పుస్తకం తెరిచి చూపిస్తే మామూలే అని మూయించింది. ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

బయటికి వచ్చి కోచ్‌ను పక్కకు పిలిచి చెప్పింది. అతను విని గోడకు ఆనుకున్నాడు. “నేను సొంతంగా ఏం చెయ్యలేదు మేడమ్. మీరు రాసిందే చేశాను” అన్నాడు. తిట్టు కాదది, నింద కూడా కాదు. తప్పించుకోవడానికి మనిషి పట్టుకున్న గడ్డిపోచ. కానీ అందులో ఒక్క అబద్ధపు ముక్క లేదు. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె మేనేజరుకు ఫోన్ చేసింది. ఆయన అంతా విన్నాడు. మధ్యలో అయ్యో అన్నాడు కూడా.

“ఆపరేషన్ అయ్యాక ఇంక పెరగదా?”

“పెరగదు.”

“అయితే సీజన్ అయ్యాకే చేయించుకోమను. ఆరు నెలలే కదా. ముందునుంచే బంతి ఇప్పిద్దాం, పక్కనుంచి వద్దు.”

టేపు మేడమ్‌కు తను విన్నది నిజమేనా అనిపించింది. “ఆరు నెలలకు కళ్ళు పోతాయంటున్నాను సార్.”

“డాక్టర్లు అలాగే బెదిరిస్తారు. చూడూ, ఈ విషయం ఫారంలో రాయకు. రాస్తే నాకు తెలిసినట్టవుతుంది. ఎత్తు రాయి, చెయ్యి రాయి, రీబౌండ్లు రాయి. తీసుకోవచ్చు అని పెట్టు. మిగతాది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. నీకెందుకు?”

ఆయన గొంతులో కోపం లేదు. టిఫిన్‌లోకి ఏం కావాలని అడిగినట్టు అడిగాడు. ఇరవై ఏళ్ళుగా ఆ గొంతుకే ఆమె ఫారాలు పంపిస్తోంది. ఎంతమంది ఆడపిల్లల గురించి, ఎన్ని మోకాళ్ళ గురించి, ఎన్ని నడుముల గురించి ‘ఆటలో మామూలే’ అని ఆ గొంతుకు నచ్చేలా రాసిందో లెక్కలేదు. ఇవ్వాళే ఆ గొంతును మొదటిసారి విన్నట్టు అనిపించింది.

“నాకెందుకో మీకు సాయంత్రానికి అందుతుంది” అని పెట్టేసింది.

వరండా కిటికీ గట్టు మీద ఫారం పెట్టి నింపింది. ‘ఇంకా ఉంది’ అన్నచోట రెండు గీతలనూ, మాటనూ కొట్టేసి, ‘జబ్బు’ అని రాసింది. చివరి పేజీలో ‘తీసుకోవచ్చు’ కొట్టేసింది. ఇరవై ఏళ్ళలో ఇంత మంచి పాదాలున్న సెంటర్‌ను ఆమె చూడలేదు. పక్కన కారణం రాసింది, పొడి అక్షరాల్లో సంతకం చేసింది. మేనేజరుకు ఒకటి, క్లబ్బు డాక్టరుకు ఒకటి, తనకొకటి ఉండాలని కింద జిరాక్స్ షాపులో నకళ్ళు తీయించి, అక్కడినుంచే పంపించేసింది.

తిరిగి పైకి వచ్చేసరికి తల్లి లోపల ఆపరేషన్ కాగితాల మీద సంతకాలు పెడుతోంది. నిచ్చెన వరండాలో బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. కూర్చున్నా నిలబడ్డ మనిషంత ఉంది. టేపు మేడమ్ ఒక కుర్చీ లాక్కుని, పక్కన కాకుండా, సరిగ్గా ఎదురుగా వేసుకుంది. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పింది. గడ్డ సంగతి, చూపు సంగతి, ఆపరేషన్ సంగతి. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. గోడ మీద తను రాసిన ఆ నాలుగు ముక్కల సంగతి. నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. నలభై అయిదేళ్ళ మనిషి పద్దెనిమిదేళ్ళ పిల్ల ముందు తన తప్పు ఒప్పుకోలేక కూర్చుంది.

“అయితే ఇంక పెరగనన్నమాట” అంది నిచ్చెన.

“పెరగవు.”

“అమ్మకి అంచులు విప్పి కుట్టే పని తప్పుతుంది.” చిన్నగా నవ్వి, తన అరచేతులు తిప్పి చూసుకుంది. “మళ్ళీ ఆడొచ్చా?”

“చూపు తిరిగొస్తే ఆడొచ్చు. అప్పుడు నేనే వచ్చి చూస్తాను. క్లబ్బు నన్ను ఉంచినా ఉంచకపోయినా వస్తాను.”

“ఫారం ఇవ్వాళే కదా మేడమ్ పంపాల్సింది. ఏం రాశారు?”

“వద్దని రాశాను.”

నిచ్చెన తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ముఖం పక్కకు తిప్పుకోలేదు. తిప్పితే మేడమ్ కనపడదు కదా. “కారణం కూడా రాయాలంట కదా. సార్ చెప్పారు. కారణం ఏం రాశారు?”

“జబ్బని రాశాను. కంటినరాల మీద గడ్డ ఉంది, వెంటనే ఆపరేషన్ కావాలి అని. ఆటలో వంక పెట్టడానికి ఏమీ లేదు అని కూడా రాశాను.”

పిల్ల గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వదిలింది. భుజాలు కిందికి దిగాయి. ఆ నాలుగు రోజుల్లో ఆ ముఖం అంత తేటగా ఉండటం టేపు మేడమ్ చూడలేదు.

“హమ్మయ్య” అంది నిచ్చెన. “మీరు మళ్ళీ బద్ధకమని రాశారేమో అనుకున్నాను.”